కంప్యూటరును ఆర్పవలదు

భద్రాచలమునకు ఎగువన, దుమ్ముగూడెము మండలములో, అడవి అంచున మా గ్రామము కలదు. ప్రధానోపాధ్యాయ పదవిని విరమించిన పిదప నేనొక ల్యాప్‌టాప్ కంప్యూటరు కొంటిని. మా యూరికి తీగ ద్వారా ఇంటర్నెట్ రాదు. సెల్‌ఫోనులో దినమునకు దొరకు ఒకటిన్నర జీబీ డేటాయే ఆధారము. అదియు వేపచెట్టు క్రింద కూర్చుండిననే సరిగా అందును.

ఒకనాటి సాయంకాలము పొరుగింటి కోయ బాలిక గురుకుల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించుకొనుటకు వచ్చెను. అదియే కడపటి దినము. అంతకుముందు ఒక గంట నేను యంత్రమును తెరచియుంచి మొక్కలకు నీరు పోయుచుంటిని. ఆ గంటలో ఆపరేటింగ్ సిస్టమ్ నన్నడుగకయే అప్‌డేటును దింపుకొని, నాటి డేటానంతయు మ్రింగివేసెను. అంతటితో ఆగక, "కంప్యూటరును ఆర్పవలదు" అని తెరపై ఆజ్ఞాపించెను. ముప్పదియేండ్లు పిల్లల నాజ్ఞాపించిన నేను దాని యెదుట చేతులు కట్టుకొని నిలిచితిని. బాలలారా, మీరు నవ్వుదురు కాక!

"ఇంకెంతసేపు సారూ?" అని ఆ బాలిక అడిగెను. ముప్పది శాతము వద్ద అంకె కదలలేదు. తుదకు ఆమె తండ్రి ఆమెను మోటారుసైకిలుపై భద్రాచలమునకు తీసికొనిపోయెను. దరఖాస్తు చేరినదని రాత్రి ఫోను వచ్చువరకు నాకు అన్నము సయింపలేదు.

మరునాడు కోపముతో అప్‌డేటు సేవను పూర్తిగా నిలిపివేసి, నాలుగు నెలలు హాయిగా నుంటిని.

పిదప వానాక్రై ఉపద్రవమును గూర్చి చదివితిని. 2017 మే 12న అది ప్రబలి, 150 దేశములలో ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు 300 డాలర్ల బిట్‌కాయిన్లు అడిగినది. బ్రిటన్‌లో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లును దాని పాలైనవి. అది చొరబడిన రంధ్రమును పూడ్చు అప్‌డేటు మార్చి 14ననే విడుదలయై యుండెను! దానిని వేసికొనిన యంత్రములలోనికి అది ఆ దారిన ప్రవేశింపలేకపోయినది.

నా యంత్రములో ఊరి పిల్లల ధ్రువపత్రముల నకళ్లున్నవి. వానికి తాళము పడినచో ఆ తల్లిదండ్రుల మొగము చూడగలనా? ఆ రాత్రియే సేవను మరల తెరచితిని. అయితే ఫోను కనెక్షనును "మీటర్డ్" అని గుర్తించితిని; అట్లు చేసినచో పెద్ద అప్‌డేట్లు సాధారణముగా తమంతట తాము దిగవు.

అవి నెలనెలా రెండవ మంగళవారమున విడుదలగుచుండును. కావున ఆ తరువాతి ఆదివారము యంత్రమును సంచిలో వేసికొని, బస్సెక్కి, భద్రాచలములో మా చెల్లెలి యింటికి పోవుదును. అచట తీగ ఇంటర్నెట్ కలదు. అప్‌డేటు దిగునంతలో గోదావరి యొడ్డున తిరిగి వచ్చెదను. ఆమె మాత్రము నేను తన చేతి పప్పుచారు కొరకే వచ్చుచున్నానని నమ్ముచున్నది.