ఉత్తుత్తి కుస్తీ, గట్టి దెబ్బలు

చిన్నప్పుడు మా వీధిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులంటే ఆస్తి కింద లెక్క. అండర్‌టేకర్ కార్డు కోసం జామెట్రీ బాక్సు తాకట్టు పెట్టిన చరిత్ర నాది. మా బాబాయి మాత్రం "అదంతా ఉత్తుత్తిదేరా, ముందే మాట్లాడేసుకుంటారు" అని తేల్చిపారేసేవాడు. ఆ కోపంతో ఆయనతో రెండ్రోజులు మాట్లాడలేదు కూడా.

తీరా చూస్తే బాబాయే కరెక్టు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీలో ప్రభుత్వ అజమాయిషీ, పన్నులు తప్పించుకోడానికి సదరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ళే తమది పోటీ కాదు, వినోదమని ఒప్పేసుకున్నారు. నేను ఇక్కడ వీధిలో గొంతు చించుకునే నాటికే అక్కడ గుట్టు రట్టయిపోయిందన్నమాట!

అంతకు ముందు మాత్రం ఆ గుట్టుని ప్రాణంలా కాపాడుకునేవారు. దానికో పేరు కూడా ఉంది, కేఫేబ్. రింగులో హీరో, విలన్ అయిన వాళ్ళు బయట కలిసి కనబడకూడదు.

1975 అక్టోబర్ 4న నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ దగ్గర ఓ చిన్న విమానం ఇంధనం అయిపోయి కూలింది. అందులో రిక్ ఫ్లెయిర్, జానీ వాలెంటైన్ విలన్లు. టిమ్ వుడ్స్ హీరో. వాలెంటైన్ మళ్ళీ రింగులోకి దిగలేదు. ఫ్లెయిర్‌కి వెన్ను విరిగింది. పైలట్ ఆ తర్వాత చనిపోయాడు. అంత దెబ్బల్లోనూ వుడ్స్ చేసిన పని, అసలు పేరు చెప్పి, తాను ప్రమోటర్నని అబద్ధమాడటం! విలన్లతో కలిసి తిరుగుతున్నాడని తెలిస్తే ఆట పోతుంది, అందరి పొట్టా కొట్టినట్టవుతుంది. అయినా అనుమానాలు రేగితే, రెండు వారాల్లోపే నొప్పులతోనే రింగెక్కి కుస్తీ పట్టాడు.

ఇది చదివాక నా కేఫేబ్ గుర్తొచ్చింది. మొదటి ఉద్యోగంలో నాకున్న అనుభవం ఐదు నెలలు, క్లయింటుకి పంపిన రెజ్యుమేలో మూడేళ్ళు. రూమ్మేట్ కూడా అదే ప్రాజెక్టు. ఇద్దరం "పాత కంపెనీ" గురించి ఎక్కడ తేడాగా చెప్తామోనని ఆఫీసులో పరిచయం లేనట్టు నటించేవాళ్ళం. "అందరూ చేసేదేగా" అని సర్దిచెప్పుకున్నాను.

కానీ వుడ్స్ తన అబద్ధానికి తన ఒళ్ళు అప్పజెప్పాడు. నా అబద్ధానికి నేనేం అప్పజెప్పాను? నాకు రాని మాడ్యూల్ కోసం రాత్రుళ్ళు కూర్చున్నది మా లీడ్. పెళ్ళై నెల కూడా కాలేదు పాపం. ఒక్కరోజు కూడా ఆయన నన్నేమీ అడగలేదు. తెలుసనుకుంటా.

ఈసారి ఊరెళ్ళినప్పుడు బాబాయికి చెప్పాలి, కుస్తీ ఉత్తుత్తిదే గానీ దెబ్బలు మాత్రం నిజమని. రెజ్యుమే సంగతి చెప్పడానికి ఇంకాస్త ధైర్యం కావాలి. అంతకంటే ముందు ఆ లీడ్‌కి ఫోన్ చెయ్యాలి.