గ్యాస్ అనుకున్న ఆ రాత్రి

కొన్నేళ్ల క్రిందటి రంజాన్ మాసపు సంగతి. మార్కాపురంలో తరావీహ్ నమాజు ముగిసి జనం ఇళ్లకు వెళ్లిపోతున్నారు. పలకల కార్ఖానాలో పనిచేసే ఒక సోదరుడు వచ్చి మా ఎదుట కూర్చున్నారు. వయస్సు యాభైకి లోపే. "హజ్రత్, ఛాతీలో బరువుగా ఉన్నది. ఇఫ్తారులో బజ్జీలు ఎక్కువ తిన్నాను, గ్యాస్ పట్టినట్లున్నది. కాస్త దమ్ చేయండి" అన్నారు. ఫ్యాను క్రింద కూర్చున్నా ఆయన చొక్కా చెమటతో తడిసి ఉన్నది. మాటిమాటికీ ఎడమ దవడను రుద్దుకుంటున్నారు. మేము సూరె ఫాతిహా పఠించి నీళ్లపై ఊది ఇచ్చాము. ఇంటికి వెళ్లి సోడా తాగి పడుకోమని చెప్పినదీ మేమే. ఆయన నీళ్లు తాగి, సలాం చేసి వెళ్లారు. సహరీకి ఇల్లాలు లేపితే లేవలేదు. మరునాడు జుహర్ తర్వాత జనాజా నమాజు కూడా మేమే చేయించాము.

తఖ్దీర్ అని అందరూ అన్నారు. మేమూ అన్నాము. మరణ ఘడియ అల్లాహ్ చేతిలో ఉన్నదనే మా విశ్వాసంలో ఆనాటికీ ఈనాటికీ వెంట్రుకవాసి తేడా లేదు. అయితే ఆ ఘడియ ఎప్పుడో తెలియని మాకు ఆ రాత్రి చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానిని మేము చేయలేదు. ఈ మాట వ్రాయడానికి మాకు ఇంతకాలం పట్టింది.

శరీరంలో ఒక మాంసపు ముద్ద ఉన్నదని, అది బాగుంటే దేహమంతా బాగుంటుందని తెలిపే హదీసును మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. ఖల్బ్ రోగాలంటే అసూయ, అహంకారం, కపటం అని గంటల తరబడి వివరిస్తాము. ఆ ముద్దను పోషించడానికి వేరే రక్తనాళాలు ఉన్నాయనీ, అవి మూసుకుపోతే అదే చచ్చుబడిపోతుందనీ ఒక్కనాడూ చెప్పలేదు. మాకే తెలియదు గనుక. ఈ సంగతిని ముందుగా గుర్తించినవారిలో ఒకరు మన మదరసాల పరంపరకు చెందినవారే. 13వ శతాబ్దపు ఇబ్నున్నఫీస్ డమాస్కస్‌లో వైద్యం నేర్చి కైరోలో స్థిరపడ్డారు. షాఫయీ ఫిఖ్హ్‌లోనూ పండితులు. ఇబ్నె సీనా వైద్యగ్రంథానికి 1242లో వ్రాసిన వ్యాఖ్యానంలో, గుండె తన గదులలోని రక్తంతో కాక తన కండలో వ్యాపించిన నాళాల ద్వారా పోషణ పొందుతుందని చెప్పారు. ఆయన పేరు మా చదువులో ఏ పాఠంలోనూ రాలేదు.

గుండెపోటు గురించి మా ఊహ ఇంకొక విధంగా కూడా తప్పు. కంభం చెరువు కాలువలో పూడిక పేరుకున్నట్లు నాళంలో కొవ్వు కొద్దికొద్దిగా పేరుకొని, చివరకొక రోజు పూర్తిగా మూసుకుపోతుందని అనుకునేవారము. పూడిక పేరుకోవడం నిజమే, దానికి సంవత్సరాలు పడుతుంది. కానీ సాధారణంగా పోటు వచ్చేది ఆ పూడిక పైపొర చిట్లినప్పుడు. చిట్లినచోట రక్తం గడ్డకట్టి, నిమిషాలలో దారి మూసుకుపోతుంది. సాయంత్రం వరకు పలకలు మోసిన మనిషి రాత్రికి లేకపోవడం ఇందువల్లనే. దారి మూసుకున్న అరగంటకే కండ చావడం మొదలవుతుంది, ఆపై గంటగంటకూ నష్టం పెరుగుతుంది.

మనది మెట్ట ప్రాంతం, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవారము, గుండెజబ్బు హైదరాబాదు ధనికులదని మన ఊళ్లలో ఒక ధీమా ఉన్నది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో ఒక సంవత్సరంలో జరిగిన 1,354 మరణాలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అవీ రైతులు, కూలీలు ఉండే ఊళ్లే.

కేరళలో జన్మించి కెనడాలో స్థిరపడిన వైద్యులు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వెలువడింది. మొదటిసారి గుండెపోటు వచ్చే ముప్పులో నూటికి 90 వంతుల వరకు తొమ్మిది విషయాలతో ముడిపడి ఉన్నదని అది తేల్చింది. పొగ త్రాగడం, రక్తంలో చెడు కొవ్వు, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మనోవేదన, పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒంటికి శ్రమ లేకపోవడం ఇందులో ఉన్నాయి. మన ఉపఖండంలో మొదటి పోటు సగటున 53వ ఏట, ఇతర దేశాలలో దాదాపు 59వ ఏట వస్తున్నదని కూడా ఆ వివరాలే చెప్పాయి.

ఆ సోదరుడు రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవారు. (పలకల ధూళి ఊపిరితిత్తులకు చేసే కీడు వేరే కథ.) పొగాకు హరామా, మక్రూహా అని మమ్మల్ని ఫత్వా అడిగేవారు చాలామంది ఉన్నారు. బీడీ ఆర్పి అడిగినవారు తక్కువ. ఇక రక్తపోటు ఏ బాధా లేకుండానే ఏళ్ల తరబడి ఉంటుంది. మాకు అలాగే ఉన్నది. ఆ మరణం తర్వాత భయపడి చూపించుకుంటే 170/100 అన్నారు. అప్పటివరకు ప్రతి పూటా ఆవకాయ, అప్పడం, వలీమా విందు ఉంటే రెండుసార్లు వడ్డన.

దైవప్రవక్త (స) సహచరులు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు ఆయన పరామర్శకు వెళ్లి ఛాతీపై చేయి ఉంచి, ఇది గుండె జబ్బని చెప్పి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమన్నారని అబూ దావూద్‌లో ఉన్నది. అజ్వా ఖర్జూరాల ప్రస్తావనా అందులోనే ఉన్నది. సనదుపై హదీసువేత్తల చర్చ ఉన్నమాట నిజమే. మనవారు అజ్వా ఖర్జూరాలను గుర్తుంచుకున్నారు, హారిస్‌ను మరచిపోయారు. ఎవరి స్పర్శ కంటే శుభప్రదమైనది లేదో ఆ చేయి ఛాతీపై ఉండగానే వైద్యుని పేరు చెప్పబడింది. మా ఊదిన నీళ్లు ఎంతటివి?

కనుక ఛాతీలో నొక్కినట్లు, బిగించినట్లు బరువు, అది చేతికి, దవడకు, వీపుకు ప్రాకడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాసో కాదో తేల్చవలసింది ఈసీజీ, మనము కాదు. స్త్రీలకు, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా కేవలం నీరసం, వాంతి, పైకడుపులో బాధగానే రావచ్చు. అర్ధరాత్రి పురుష వైద్యుని వద్దకు ఎలా తీసుకువెళ్లాలని ఆగే ఇళ్లు మాకు తెలుసు. ప్రాణాపాయంలో ఆ అనుమతి షరీఅతులోనే ఉన్నది, మమ్మల్ని అడిగేందుకు కూడా ఆగవద్దు. బైకుపై కూర్చోబెట్టి తిప్పవద్దు, 108కి ఫోను చేయండి. గిద్దలూరు నుండి ఒంగోలు దాదాపు 150 కిలోమీటర్లు, నంద్యాలకు పోవాలంటే నల్లమల ఘాటు దాటాలి. అందుకే ముందు దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీయించాలి. గడ్డను కరిగించే ఇంజెక్షను ఉన్నది, తొలి గంటలలో పడితే దాని మేలు ఎక్కువ. స్టెంటు సంగతి పెద్ద ఆసుపత్రివారు తర్వాత చూస్తారు.

మందులు మొదలుపెట్టిన ఏడాది రంజాన్ రాగానే రోజా పేరుతో మాత్రలు మానబోయాము. వైద్యుడు కోప్పడి, ఇఫ్తారు, సహరీ వేళలకు మార్చి వ్రాసి ఇచ్చారు. మీలో మాత్రలు వాడేవారు షాబాన్‌లోనే వెళ్లి అడగండి.

ఆ సోదరుని కుమారుడు ఇప్పుడు మా దగ్గరే హిఫ్జ్ చేస్తున్నాడు. నిరుడొక రాత్రి ఇషా తర్వాత ఒక పెద్దాయన వచ్చి, "హజ్రత్, గ్యాస్ పట్టింది, దమ్ చేయండి" అన్నారు. మేము ఫోను ఆ పిల్లవాని చేతికిచ్చి 108కి చేయమన్నాము. వాహనం వచ్చేవరకు దమ్ చేస్తూనే ఉన్నాము. ఆసుపత్రిలో రెండుసార్లు ఈసీజీ తీసి, రక్తపరీక్ష కూడా చేసి చూశారు. నిజంగా గ్యాసే. నలుగురిలో నవ్వులపాలు చేశామని పెద్దాయన వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఆ వారమంతా ఆయన మస్జిదు మెట్లెక్కి రావడాన్ని ఆ పిల్లవాడు, మేము చూస్తూనే ఉన్నాము.