ముల్లున్న రేడియో

కోటగిరిలో ఆ ఇంట్లో కోడికంటే ముందు రేడియో లేచేది. పెద్దాయనకు డెబ్భై దాటాయి. చూపు మందగించి పేపరు చదవడం మానేశాక ఆ సెట్టే ఆయనకు పేపరు. భార్య పోయాక ఇంట్లో వినబడే రెండో గొంతు కూడా అదే.

దసరాకు వారం ముందు అది మూగబోయింది. లోపల ముల్లును లాగే దారం తెగింది. ముల్లు ఓ మూలకెళ్లి కూర్చుంది.

“బాపూ, ఈసారి వచ్చేటప్పుడు ఏం తేవాలె?” దుబాయ్ నుంచి కొడుకు ఎప్పటిలాగే అడిగాడు.

“ఏం వద్దు బిడ్డా... రేడియో ఖరాబైంది. గదొక్కటి సూడు.”

కొడుక్కి ఎక్కడలేని హుషారొచ్చింది. ఇన్నేళ్లలో తండ్రి నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే మరి! ఒకప్పుడు గల్ఫ్ నుంచి దిగినవాడి చేతిలో టూ-ఇన్-వన్ లేకపోతే ఊరు నవ్వేది. ఆ ముచ్చట తీరకుండానే కాలం మారిపోయిందని అతనికి లోలోపల ఉండేది. సెలవు రోజున దుకాణాలన్నీ తిరిగి, మనవడి ఫోనుకు రెండు ఫొటోలు పంపాడు.

ఒకటి డిజిటల్ సెట్టు. మీట నొక్కితే తనంతట తానే స్కాన్ చేసి స్టేషన్లు వెతికి దాచుకుంటుంది. వందల స్టేషన్లకు చోటు. విమానం నడిపేవాళ్ల మాటలూ పడతాయట. మన డబ్బుల్లో ఎనిమిది వేలు. రెండోది ‘డ్యాబ్’ రేడియో. గరగర ఉండదు, పాట పేరు తెరమీద పడుతుంది. పన్నెండు వేలు.

“ఎంతైనా ఫికర్ లేదు బాపూ” అన్నాడు కొడుకు.

పెద్దాయనకు గుచ్చుకున్నది ఆ మాటే. ఎండలో ఇనుము కట్టే పనికి పన్నెండు వేలంటే ఎన్ని రోజుల చెమటో ఆయనకు తెలుసు. తెమ్మంటే మనసొప్పదు. వద్దంటే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. ఎటూ తేలక, మనవణ్ని వెంటబెట్టుకుని రేడియోలు బాగుచేసే మెకానిక్ దగ్గరికి వెళ్లాడు.

మెకానిక్ ఫొటోలు చూసి తల అడ్డంగా ఊపాడు. “డ్యాబ్ ఈడ పలకదు కాకా.”

నిజమే. డ్యాబ్ యూరప్ పద్ధతి. నార్వే అయితే 2017లో జాతీయ స్టేషన్లను ఎఫ్.ఎం. నుంచి దానికే మార్చేసింది. మన ఆకాశవాణి ఎంచుకున్నది డి.ఆర్.ఎం. అనే వేరే డిజిటల్ పద్ధతి. దానికోసం దేశంలో 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. కొత్త కార్లలో చాలావాటికి ఆ రేడియో బిగించే వస్తోంది కానీ, ఇంట్లో పెట్టుకునే సెట్టు అరుదు, ఖరీదు. వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో కథ అంతకుముందే చూశాం. ‘స్పందన’ అని తెలుగు చానల్ కూడా ఉండేది అందులో. 2009 డిసెంబరు 31తో మనదేశంలో ఆ సేవ ఆగిపోయింది. వేలు పోసి కొన్న సెట్లు అలంకారానికి మిగిలాయి.

మరి స్కాన్ చేసే సెట్టో? బాగుకొచ్చిన అలాంటిదొకటి బల్లమీదే ఉంది. మెకానిక్ మీట నొక్కాడు. అంకెలు 87.5 నుంచి పరుగెత్తాయి. ఒకచోట మరాఠీ పాట... మంజీర దాటితే మహారాష్ట్రే కదా. తర్వాత 103.2, నిజామాబాద్ ఆకాశవాణి. 1990 నుంచి ఈ జిల్లా గొంతు. ఇంకోచోట ఏదో గొణుగుడు. అంకెలు 108 దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాయి. వందల స్టేషన్లకు చోటున్న సెట్టు, కోటగిరి ఆకాశంలో ఒక చేతి వేళ్లకు సరిపడా కూడా పట్టలేకపోయింది.

“విమానాలోళ్ల ముచ్చట మనకెందుకురా?” అన్నాడు పెద్దాయన మనవడితో. పోస్టాఫీసులో రేడియోకు లైసెన్సు కట్టిన కాలం మనిషాయన. వినకూడనిది వింటే ఏ గొడవో అని భయం.

“ఫోన్ల అన్నీ వస్తయి తాతా” అన్నాడు వాడు. వస్తాయి. కానీ ఆ నున్నటి గాజు మీద ఏది ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలియదు.

అప్పుడు మెకానిక్ అలమారాలోంచి ఇంకొకటి తీశాడు. గుండ్రటి మీట, ఎర్ర ముల్లు, పెద్ద సెల్లులు. తొమ్మిది వందలు. పైకి పాతకాలం సెట్టే. ఈమధ్య ఇలాంటివాటిలో చాలావాటికి లోపల ఉండేది డిజిటల్ చిప్పే, స్టేషన్ జారిపోదు.

“మీడియం వేవ్ పెట్టినప్పుడు సెట్టును అటుఇటు తిప్పి సూడు కాకా. లోపలి కడ్డీకి దిక్కు గావాలె. ఎల్‌ఈడీ బల్బు, ఫోను చార్జరు బందుపెట్టు. సగం గరగర గదే.”

ఎనిమిది వేల సెట్టయినా ఇవి తప్పవట!

పెద్దాయన కళ్లు మూసుకుని మీట తిప్పాడు. నిజామాబాద్ తగిలింది. వెనక్కి తిప్పి మళ్లీ పట్టాడు. మూడోసారీ చూసుకుని లేచాడు.

రాత్రి కొడుక్కి ఫోన్ చేశాడు. “రేడియో ఈడనే దొరికింది బిడ్డా. పైసలు నువ్వే పంపాలె.”

“ఎంత బాపూ?”

“తొమ్మిది వందలు.”

“గంతేనా?” గొంతు కాస్త వాడింది.

“గంతే గాదు. నెలనెలా సెల్లులకు గూడ పంపాలె.”

కొడుకు నవ్వాడు.

ఇప్పుడు పొద్దున ఆరున్నరకు కోటగిరిలో ఫోను మోగుతుంది. దుబాయ్‌లో అప్పటికి ఐదే. పనికి తీసుకెళ్లే బస్సు రావడానికి ఇంకా కాస్త సమయం ఉంటుంది. “బాపూ, ఫోను జర రేడియో కాడ పెట్టు” అంటాడు కొడుకు. పెద్దాయన ఫోనును సెట్టు పక్కన ఆనించి, బర్రెల దగ్గరికి వెళ్తాడు.