మునిగిన పొలాల మీదుగా సైకిల్ సవారీ

సునామీ మింగిన వరిచేలే నేడు సిప్పీఘాట్ అందాలు. అండమాన్‌లో సుదూర సైక్లింగ్‌కు వచ్చేవారు ఈ నీళ్ల మధ్య నుంచే సాగాలి. దారి మాత్రం వాళ్లు కోరుకున్నంత దూరం పోనివ్వదు.

జనవరిలో ఉదయం ఆరు కాకముందే శ్రీవిజయపురంలో తెల్లవారిపోతుంది. హైదరాబాద్‌లో వీధి దీపాలు ఇంకా వెలుగుతుండే ఆ వేళకు ఇక్కడ రోడ్డు మీద గుంతలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దేశమంతటికీ ఒకే గడియారం పెట్టుకున్నందుకు తూర్పున ఇంత దూరంగా ఉన్న అండమాన్‌కు దక్కిన వింత ఇది. పొద్దు ముందే పొడుస్తుంది, సాయంత్రం ఐదుంబావుకల్లా దిగిపోతుంది. సైకిల్ మీద వంద కిలోమీటర్లు తొక్కాలనుకునే వారికి మొదట అర్థం కావలసిన లెక్క ఇదే. తెల్లారి కాఫీ తాగి తీరిగ్గా బయల్దేరే బృందానికి తిరుగు ప్రయాణం చీకట్లోనే.

2024 సెప్టెంబర్ దాకా ఈ రాజధాని పేరు పోర్ట్ బ్లెయిర్. ఊళ్లో ఎత్తుపల్లాలు ఎక్కువ. గేర్లు సర్దుకునేలోపే ఒక మిట్ట అయిపోయి మరో మిట్ట ఎదురవుతుంది. గారాచర్మ దాటాక ఇళ్లు పలచబడతాయి. నగరం నుంచి 14 కిలోమీటర్ల దూరంలో రోడ్డు ఒక్కసారిగా చదునవుతుంది. ఇరుపక్కలా నీళ్లు, నీళ్లలో మడ చెట్లు, వాటి వెనక పచ్చని కొండలు. అదే సిప్పీఘాట్. ముందు వెళ్తున్నవాళ్లు ఇక్కడ తప్పనిసరిగా ఆగుతారు. వెనకబడ్డవాళ్లు ఊపిరి తీసుకుంటూ వచ్చి కలిసేదీ ఇక్కడే. గుంపులో ఒక్కరికైనా పక్షుల పిచ్చి ఉంటుంది కాబట్టి ఆ మజిలీ పావుగంటతో తెమలదు. అండమాన్ దీవులకే ప్రత్యేకమైన అండమాన్ టీల్ బాతులు, ఈల వేసినట్టు కూసే చిలువ బాతులు, కొంగలు, ఊదా రంగు నీటికోళ్లు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. కెమెరాలు బయటికొస్తాయి. నీటి అంచుదాకా దిగబోయిన వాళ్లకు మాత్రం ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయన్న సంగతి ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది.

ఫొటోలో పడని సంగతి మరొకటుంది. అవి చెరువులు కావు, ఒకప్పటి పొలాలు.

2004 డిసెంబర్ 26 ఉదయం సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం అండమాన్ నికోబార్ దీవుల పొడవునా సముద్రపు అడుగును చీల్చింది. వెంటనే సునామీ విరుచుకుపడింది. అల వచ్చింది, వెళ్లింది. ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో చాలాచోట్ల కథ అక్కడితో ముగిసింది. సిప్పీఘాట్‌లో అలా ముగియలేదు. ఉత్తర అండమాన్ పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడితే, దక్షిణ అండమాన్ భూమి సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. కొండ మీద మీటరు తేడా ఎవరికీ తెలియదు. కాలువల ఒడ్డున, సముద్ర మట్టానికి కాస్త పైన ఉన్న వరి మడికి అది చావుబతుకుల తేడా. సునామీ వెనక్కి పోయినా ఆటుపోట్లు వెనక్కి పోలేదు. పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీరు పొలంలోకి ఎక్కింది. మర్నాడూ ఎక్కింది. ఇరవై ఏళ్లు దాటినా ఎక్కుతూనే ఉంది.

నష్టపోయిన నేల ఎలాంటిదో కూడా చూడాలి. దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను ప్రభుత్వం ఓడల్లో తెచ్చి దక్షిణ అండమాన్ గ్రామాల్లో స్థిరపరిచింది. కుటుంబానికి పదేసి ఎకరాలు ఇచ్చింది. అందులో ఐదు వరికి పనికొచ్చే పల్లపు నేల, మిగతా ఐదు కొండ వాలు. అడవీ కొండలే ఎక్కువైన దీవిలో చదును నేల దొరికేది లోయల అడుగున, కాలువల పక్కనే. అడవి కొట్టి, మట్టి చదును చేసి, ఉప్పునీటికి గట్లు వేసి తయారు చేసుకున్న పొలాలవి. భూమి కుంగినప్పుడు కొండ వాలు కొబ్బరి, పోక తోటలకు పెద్దగా ఏం కాలేదు. మునిగింది అన్నం పెట్టే సగం.

గట్లు ఎత్తు చేసి, తూములు పెట్టి, ఉప్పు కడిగి ఈ నేలను మళ్లీ వరికి తేవాలా? నీటినే ఆధారంగా చేసుకుని చేపలు పెంచాలా? పక్షులకు వదిలేయాలా? సునామీ నాటి నుంచీ నలుగుతున్న ప్రశ్నలివి. ఊరిపోతున్న నేలల్లో మట్టిని ఎత్తయిన బెడ్లుగా పోసి పైన కూరగాయలు, మధ్య కాలువల్లో చేపలు పెంచే పద్ధతిని దీవుల్లోని వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రచారంలోకి తెచ్చారు. అది నీరు కొంత లొంగే చోట పని చేస్తుంది. పోటు నేరుగా లోపలికొచ్చే చోట మడ చెట్లే గెలిచాయి. పర్యాటక కరపత్రాలు ఈ ప్రాంతాన్ని పక్షి ప్రేమికుల స్వర్గం అని రాసుకుంటాయి. అబద్ధమేం కాదు. కాకపోతే స్వర్గం కిందున్న గట్ల సంగతి ఆ కరపత్రంలో ఉండదు.

సునామీకి ముందు సిప్పీఘాట్ అంటే అందరికీ గుర్తొచ్చేది ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం. 80 ఎకరాల్లో లవంగం, జాజికాయ, దాల్చిన చెక్క, మిరియం, కొబ్బరి. సైకిళ్లు రోడ్డు పక్కన ఆనించి ఒక గంట ఇక్కడ గడపడం దండగ కాదు. కోనసీమ రైతయితే తప్పక చూడాల్సిన చోటు ఇది. 1980ల తొలినాళ్లలో పసిఫిక్ దీవుల నుంచి సేకరించి తెచ్చిన కొబ్బరి రకాలను పెంచిన ప్రపంచ కొబ్బరి జన్యు సంపద కేంద్రం సిప్పీఘాట్‌లోదే. అండమాన్ పరిశోధన సంస్థ విడుదల చేసిన అన్నపూర్ణ, సూర్య, ఓంకార్, చందన్ అనే పొట్టి రకాల మూలాలు ఆ సేకరణలో ఉన్నాయి. నిచ్చెన లేకుండా నిలబడి కాయ కోసుకోగల చెట్లవి. ఎండలో అరవై కిలోమీటర్లు తొక్కాక ఈ పరిశోధన విలువ మరింత బాగా అర్థమవుతుంది.

ఇంతకీ సుదూర సైక్లింగ్‌కు అండమాన్ పనికొస్తుందా? పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నిబంధనల ప్రకారం నడిచే ‘బ్రెవే’లలో అన్నిటికన్నా చిన్నది 200 కిలోమీటర్లు. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. పంక్చరైతే ఎవరిది వారే వేసుకోవాలి. హైదరాబాద్ నుంచి ఏ జాతీయ రహదారి పట్టుకున్నా వంద వెళ్లి వంద తిరిగి రావచ్చు. దక్షిణ అండమాన్‌లో అది కుదరదు. చిడియాటాపు పాతిక కిలోమీటర్ల దగ్గర సముద్రంలో ముగుస్తుంది. మహాత్మాగాంధీ సాగర జాతీయ పార్కుకు పడవలు బయల్దేరే వండూరు ముప్పై లోపే. ఉత్తరాన జిర్కాటాంగ్ సుమారు నలభై. మూడు చోట్లకూ వెళ్లి మూడుసార్లూ వెనక్కొచ్చినా 200 పూర్తి కాదు, మిగిలింది ఊళ్లో చక్కర్లు కొట్టి నింపుకోవాలి. వండూరుకూ, జిర్కాటాంగ్‌కూ రెంటికీ సిప్పీఘాట్ మీదుగానే దారి కాబట్టి పట్టుదల గల సైక్లిస్టు ఒకే రోజు ఈ నీళ్లను నాలుగుసార్లు దాటతాడు. పొద్దున బురద తేలిన చోట మధ్యాహ్నానికి నీళ్లు నిండి ఉంటాయి.

అందుకే చాలా బృందాలు ఇక్కడ దూరాన్ని కాదు, రోజులను లెక్కపెట్టుకుంటాయి. ఒకరోజు వండూరు, మరోరోజు చిడియాటాపు, ఆ తర్వాత ఓడ ఎక్కి హేవ్‌లాక్. ఇంకో చక్కటి దారి కూడా ఉంది. సిప్పీఘాట్ మీదుగా ఫెరార్‌గంజ్ వెళ్లి, అటు నుంచి కిందికి బాంబూఫ్లాట్ చేరి, సైకిళ్లతో సహా ఫెర్రీ ఎక్కి చాథమ్‌లో దిగడం. 1883లో మొదలైన రంపపు మిల్లు ఉన్నది ఆ చాథమ్‌లోనే. దారిలో కనిపించే కొండ నిన్నమొన్నటి దాకా మౌంట్ హారియెట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్. 1891 యుద్ధంలో ఓడిన మణిపురీ యోధులను బ్రిటిష్‌వారు అండమాన్‌కు పంపినందుకు గుర్తుగా పెట్టిన పేరు.

రోడ్డు పక్క దుకాణంలో బోండాం కొట్టించుకుంటూ తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటే, అవతలి నుంచి “ఏ ఊరు బాబూ?” అన్న ప్రశ్న వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. విశాఖ నుంచి ఓడలో రెండు రోజులకు పైగా పట్టే దూరాన్ని వాళ్లు ఊరికి వెళ్లొచ్చినట్టే మాట్లాడతారు.

సైకిల్‌కూ ఈ దీవులకూ ఉన్న అసలు బంధం మాత్రం పర్యాటకులు తెచ్చింది కాదు. సిప్పీఘాట్ పొలాలను ముంచిన ఆ ఉదయమే కార్ నికోబార్‌లో డెబోరా హెరాల్డ్ అనే తొమ్మిదేళ్ల పిల్ల చెట్టును పట్టుకుని ప్రాణం దక్కించుకుంది. ఆ అమ్మాయి తర్వాత వెలొడ్రోమ్‌లో దేశంలోనే మేటి స్ప్రింటర్ అయింది. ఈ దీవుల నుంచే వచ్చిన ఎసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో కీరిన్ రజతం గెలిచాడు. ప్రపంచ సైక్లింగ్ పోటీల్లో భారత్‌కు అదే మొదటి పతకం. మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ది ఓడర్‌లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచిన జట్టులోనూ అతనున్నాడు. లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిళ్ల మీద ప్రధాన భూభాగం నుంచి వచ్చేవారిని దాటుకుంటూ స్కూలు పిల్లలు మామూలు సైకిళ్ల మీద మిట్టలెక్కేస్తుంటే, ఈ పేర్లు గుర్తు రాక మానవు.

జిర్కాటాంగ్ దగ్గర చెక్‌పోస్ట్ వస్తుంది. సైకిల్ ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. దారి ఆగదు. అదే అండమాన్ ట్రంక్ రోడ్డు, ఇప్పటి జాతీయ రహదారి నం. 4, జారవా రిజర్వు గుండా మిడిల్ స్ట్రెయిట్ దాకా వెళ్లి, ఆపైన సుమారు 325 కిలోమీటర్ల దూరంలోని దిగ్లీపూర్ చేరుతుంది. 2011 గణన ప్రకారం జారవాలు 380 మంది. బయటి జబ్బులు వాళ్లకు ప్రాణాంతకం. రిజర్వు లోపలి రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అది మూతపడలేదు. నిర్ణీత వేళల్లో పోలీసు కాపలాతో వాహనాల కాన్వాయ్ వెళ్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం మించకూడదు, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. 2017లో బారాటాంగ్‌కు సముద్ర మార్గం తెరిచినా రోడ్డు మీద రద్దీ పోలేదు. ఇలాంటి చోట ఆగుతూ సాగుతూ వెళ్లే సైకిల్‌కు చోటు ఉండకపోవడం న్యాయమే. బస్సులకూ కార్లకూ ఉండటమే అడగాల్సిన ప్రశ్న. దీవి పొడవునా తొక్కాలని కలగన్న సైక్లిస్టుకు ఆ బారికేడ్ దగ్గర కాస్త నిరుత్సాహం కలుగుతుంది. టీ తాగి, సీసాలు నింపుకుని, సైకిల్ వెనక్కి తిప్పుకుంటారు.

తిరుగు దారిలో సిప్పీఘాట్ చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. పొద్దున చూసిన గట్టు ఇప్పుడు కనిపించదు. పోటు నీళ్లు రోడ్డు కట్ట మొదలు దాకా వచ్చి ఉంటాయి. చిలువ బాతులు గుంపుగా లేచి మడ చెట్ల వైపు వెళ్తుంటాయి. ఊరు ఇంకా 14 కిలోమీటర్లు, అన్నీ మిట్టలే. వెనక ఎర్ర లైట్లు వేసుకుని ఒకరి తర్వాత ఒకరు కదులుతారు.