చిల్లిగవ్వ

“చేతిలో చిల్లిగవ్వ లేదు” అన్న మాట వినబడని ఇల్లు మా ముదిగుబ్బలో అరుదు. వాన ముఖం చాటేసి, వేరుశనగ పైరు ఊడలు దిగకముందే వాడిపోయిన ఒక ఏడాది, విత్తనాల బాకీకి వచ్చిన వ్యాపారితో మా నాన్న ఆ మాటే అన్నాడు. నాకప్పుడు పదేళ్లు. అవ్వ పెట్టెలో అష్టాచెమ్మ ఆడుకునే నాలుగు గవ్వలున్నాయి. అందులో ఒకదానికి వీపున చిల్లి ఉంది. పరుగున వెళ్లి తెచ్చి నాన్న చేతిలో పోశాను. వ్యాపారి పకపక నవ్వాడు. నాన్న గుప్పిట మూసి, తల వంచుకొని నిలబడ్డాడు.

“అవ్వా, ఇవి ఎక్కడ కాస్తాయి?” అని ఆ రాత్రి అడిగాను. “సముద్రంలో పుడతాయంట నాయనా” అంది అవ్వ. ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అది మాకు 200 కిలోమీటర్లకు పైగా దూరం మరి!

గవ్వ ఒక చిన్న సముద్రపు నత్త ఇల్లని కళాశాలలో చదివినప్పుడు గాని నాకు తెలియలేదు. నాణెంగా చెల్లిన జాతి గవ్వ సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల దాపున, లోతులేని నీటిలో ఆ నత్త బతుకుతుంది. పగలు రాళ్ల సందున దాగి, రాత్రి వెలువడి పాచి మేస్తుంది. దాని ఒంటి నుండి మెత్తని పొర ఒకటి రెండు వైపులా పైకి పాకి పెంకును కప్పుతుంది. గవ్వకుండే ఆ నునుపు ఎవరో మెరుగుపెట్టింది కాదు, ఆ పొర పూసిందే. లేతప్రాయంలో పెంకు పలుచన, నోరు వెడల్పు. ఎదిగేకొద్దీ పెదవులు లోనికి ముడుచుకొని, పళ్ల వరుసలతో సన్నని చీలిక మిగులుతుంది. అవ్వ దానిని వేలితో తడిమి “నవ్వుతోంది చూడు” అనేది.

14వ శతాబ్దంలో మాల్దీవులలో ఉన్న యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడివారు ఈ నత్తలను ఒడ్డున గోతుల్లో వేసి, కండ కుళ్లిపోయాక మిగిలిన గవ్వలను వంగదేశానికిచ్చి బియ్యం తెచ్చుకొనేవారని రాశాడు. ఒరిస్సాలోనూ గవ్వలు శతాబ్దాలపాటు చెల్లాయి. 1803లో ఆ సీమను గెలిచిన ఆంగ్లేయులు శిస్తును వెండి రూపాయలలో కట్టమన్నారు. గవ్వల విలువ పడిపోయింది. ఉన్న సొమ్ము చెల్లక రైతులు భూములు పోగొట్టుకున్నారు. 1817 నాటి పైకా తిరుగుబాటు కారణాలలో ఇదీ ఒకటి. అది చదివినప్పుడు నాకు ఆ వ్యాపారి నవ్వు వినిపించింది.

ఆనాడు వ్యాపారి వెళ్లిపోయాక నాన్న మూడు గవ్వలను నాకు తిరిగి ఇచ్చి, చిల్లి ఉన్నదానిని జేబులో వేసుకున్నాడు. “ఇది ఉంటే ఇక ఆ మాట అనే పని లేదు కదరా” అన్నాడు. మరునాటి నుండి మా అష్టాచెమ్మలో నాలుగో గవ్వకు బదులు, ఒకవైపు అరగదీసిన చింతగింజ వేసుకున్నాము.