రెండు జతల తీగలు

‘బై-వైరింగ్ చేసి చూడు, తెర తీసేసినట్టుంటుంది’ అంటారు ఆడియో పిచ్చి ఉన్న మిత్రులు. కొన్ని స్పీకర్ల వెనక రెండు జతల టెర్మినల్స్ ఉంటాయి. ఊఫర్‌కి ఒకటి, ట్వీటర్‌కి ఒకటి. వాటిని కలిపే రేకులు తీసేసి, ఒకే యాంప్లిఫయర్ నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు లాగడమే బై-వైరింగ్. అప్పుడు బేస్ కరెంటు ట్రెబుల్‌ని చెడగొట్టదని వాదన.

ఇంజినీరింగ్ చదివిన బుద్ధి లెక్క చూడకుండా ఊరుకోదు కదా. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరుకి సుమారు 7 మిల్లీఓములు. 3 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, 0.04 ఓములు. 8 ఓముల స్పీకర్‌కి దానివల్ల తగ్గే శబ్దం 0.04 డెసిబెల్. తీగని పూర్తిగా మాయం చేసినా దక్కేది అంతే. అది చెవికి అందడం గగనం.

మరి తేడా విన్నామనేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. తీగలు మార్చేటప్పుడు వదులైన టెర్మినల్ బిగుసుకుని ఉండొచ్చు. వాల్యూమ్ కాస్త పెరిగి ఉండొచ్చు. పైగా డబ్బు పెట్టాక చెవి ఇంకాస్త శ్రద్ధగా వింటుంది. మా తమ్ముడు ఏ తీగ పెట్టాడో చెప్పకుండా వినిపిస్తే నా జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి.

నన్ను కలవరపెట్టేది కేబుల్ కాదు. పుస్తక సమీక్షలు రాస్తాను. అట్ట మీద పేరు చూశాకే మొదటి వాక్యం చదువుతాను. అక్కడ పేరు దాచిపెట్టే తమ్ముడెవరూ లేరు.

కేబుల్ డబ్బుతో దళసరి కర్టెన్ కొన్నాను. స్పీకర్లని గోడకి దూరంగా జరిపాను. ఆ తేడా ఎవరూ చెప్పకుండానే తమ్ముడికీ వినిపించింది.