నూర్బుర్గ్ కొండల్లో నాలుగు చక్రాల లెక్క

మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో కొబ్లెంజ్‌లో ఉంటున్నారు. కిందటి వేసవిలో వాళ్లతో కలిసి ఐఫెల్ కొండల్లోని నూర్బుర్గ్ చూశాను. పాత కోట చుట్టూ అడవిలో మెలికలు తిరిగే ఆ రేసు దారిని 1927లో తెరిచారు. చుట్టు 20.8 కిలోమీటర్లు. కొన్ని రోజుల్లో రుసుము కట్టి ఎవరైనా తమ కారు నడపవచ్చు. ఒక మలుపులో ఎండ కాస్తుంటే మరో మలుపులో వాన పడుతుంది.

అల్లుడికి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్ మీద మోజు. అందులో ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. గోల్ఫ్ జీటీఐలో ముందు చక్రాలకే. ఆ అదనపు ధర దండగా కాదా అన్నదే మా ఇంటి చర్చ.

బ్యాంకువాణ్ణి కదా, అంకెలు చూశాను. 2022లో 333 హార్స్‌పవర్ ఆర్ ఈ చుట్టును 7 నిమిషాల 47.31 సెకన్లలో ముగించింది. 2025లో 325 హార్స్‌పవర్ జీటీఐ 7 నిమిషాల 46.13 సెకన్లలోనే వచ్చింది. దానికి రేసు తరహా టైర్లున్న మాట నిజమే. నిలిచిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మాత్రం ఆర్‌కు 4.6 సెకన్లు, జీటీఐకి 5.3.

అంటే కదలడానికి, తడిలో, మంచులో ఎగువకు ఎక్కడానికి నాలుగు చక్రాల పట్టు అక్కరకొస్తుంది. బ్రేకు వేస్తే ఆపేవి టైర్లే.

అమ్మాయి చలికాలంలో తెల్లవారకముందే కొండ ఊరి ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లాలి. అందుకని ముందు మంచి చలికాలపు టైర్లు, ఆ తర్వాతే నాలుగు చక్రాలు అన్నాను. మంచు ఎరుగని మన బెంగళూరు, హోసూరు దారులకు ముందు చక్రాలే చాలు.